నవల, చట్టం పక్కపక్కన చదివి బావ దగ్గర దొరికిపోయాను

గుణుపురం నుంచి:
మాది మందుల షాపు. మధ్యాహ్నం రెండు దాటితే ఈగలు తోలుకోవడమే. అప్పుడు గోపీనాథ్ మహంతి నవల ‘పరజా’ చదువుతున్నా, ఒడియాలో. రాత్రి వెట్టిచాకిరీ మీద తెలుగు పుస్తకం. చదువంతా ఒడియా మీడియం కాబట్టి ఒడియా పరుగెత్తుతుంది. తెలుగు అమ్మ పలక మీద నేర్పింది, ఒత్తుల దగ్గర ఇప్పటికీ బండి ఆగుతుంది.

మొన్న పాతపట్నం నుంచి బావ వచ్చాడు. 1976 నాటి వెట్టిచాకిరీ రద్దు చట్టం గురించి జోరుగా చెబుతూ, ‘‘కోరాపుట్ వైపు సుక్రు జాని అని ఒకాయన, అప్పు తీరక షావుకారు దగ్గర గోతీగా, అంటే వెట్టివాడిగా, చాకిరీ చేశాడు బావా’’ అనేశా. ‘‘ఏ ఊరు? ఎప్పుడు?’’ అన్నాడు. అప్పుడు వెలిగింది, ఆయన నవల్లో మనిషి! మాత్రల అట్టలు లెక్కపెడుతున్నట్టు తల దించుకున్నా. రెండూ ఒకేసారి చదవడం మానేయాలా?

పర్లాకిమిడి టీచర్:
మానొద్దు బాబూ. చరిత్ర, చట్టం లాంటివి నేను పెన్సిల్ పట్టుకుని చదువుతా. నవలకి పెన్సిల్ ముట్టను. ఏది కథో చేతికే గుర్తుంటుంది.

నీకు కుదిరిన జత మాత్రం భలే ఉంది. వెట్టి బాకీ ఇక తీర్చక్కర్లేదని చట్టం ఒక్క ముక్కలో తేల్చేసింది. ఆ బాకీ ఎలా పుడుతుందో నవల్లో చూడు: అడవిలో చెట్లు కొట్టాడని జరిమానా, జరిమానా కట్టడానికి అప్పు, అప్పుకి చాకిరీ. పైగా నవల 1945 నాటిది, చట్టానికి 31 ఏళ్ల ముందు.

రాయగడ:
నావల్ల కాదు. ఒకసారి రైల్లో రెండూ తీసుకెళ్లా. పార్వతీపురం దాటకముందే చరిత్ర పుస్తకం పులిహోర డబ్బా కిందకి చేరింది. అయినా మీరు చెప్పింది అబద్ధమేం కాదులెండి, అలాంటివాళ్లు ఎంతమంది లేరు!

గుణుపురం నుంచి:
అబద్ధమేనండీ. అలాంటివాళ్లు ఉన్నారనడం వేరు, పేరు పెట్టి ఫలానా ఆయన ఉన్నాడనడం వేరు. బావకి ఫోన్ చేసి ఒప్పేసుకున్నా. తిడతాడనుకుంటే, ‘‘తర్వాత ఏమైంది?’’ అన్నాడు. ఆయనకి ఒడియా రాదు. షాపు కట్టేశాక రోజూ రెండు పేజీలు తెలుగులో చెప్పుకుంటూ వినిపిస్తున్నా. నిన్న ఫారెస్ట్ గార్డు వచ్చిన చోట ఆపాం.