ఫైబర్ బానెట్‌కు పుష్ బటన్ లాచ్‌లు: కంపెనీ తాళం ఉంచాలా, తీసేయాలా?

జిప్సీ_సికింద్రాబాద్
మారుతి జిప్సీకి ఇనుప బానెట్ తీసేసి ఫైబర్‌ది చేయించాను. బరువు బాగా తగ్గింది. కానీ కంపెనీ తాళం కొక్కెం సరిగ్గా పడటం లేదు, గుంతల్లో బానెట్ టకటక కొట్టుకుంటోంది. అందుకే అల్యూమినియం పుష్ బటన్ లాచ్‌లు (పిన్నును పట్టి ఉంచి, బటన్ నొక్కితే వదిలేవి) రెండు తెప్పించాను. రేడియేటర్ పైనున్న అడ్డపట్టీకి పిన్నులు, బానెట్‌కు బటన్లు. రంధ్రం ఎక్కడ పడాలో ఎలా గుర్తించాలి? ఫైబర్ పగలకుండా ఏం చేయాలి? నల్ల బటన్ మేలా, వెండి రంగుదా? ఆర్టీఏ వాళ్లతో ఇబ్బంది వస్తుందా?

విశాఖ_గ్యారేజ్
ముందు పిన్నులు బిగించండి, బానెట్ జోలికి ఆ తర్వాతే వెళ్లండి. పిన్ను తలపై కాస్త గ్రీజు రాసి బానెట్ మెల్లగా దించితే లోపలివైపు మచ్చ పడుతుంది. అక్కడ కిందినుంచి 3 మి.మీ. బిట్‌తో సన్న రంధ్రం వేయండి. తర్వాత పైన మాస్కింగ్ టేపు అంటించి హోల్‌సాతో (డ్రిల్లుకు బిగించే గుండ్రటి రంపం) కోయండి. ఫైబర్ కాబట్టి హోల్‌సాను మొదట వెనక్కి తిప్పాలి, అప్పుడు పైపొర జెల్‌కోట్ పెచ్చులూడదు. అది తెగాక ముందుకు తిప్పండి. లోపలివైపు అల్యూమినియం రేకు ముక్క వేయడం మరవకండి. లేకపోతే బిగింపంతా రంధ్రం అంచు మీదే పడి సాలెగూడులా పగుళ్లు వస్తాయి. మాస్కు లేకుండా ఫైబర్ కోయవద్దు.

గుంటూరు_జీప్
తాళంచెవి ఉన్న లాచ్‌లే కొనండి. మిగతావన్నీ తర్వాత. మా బావగారి కారుకు ఒక షాపువాళ్లు తాళం లేనివి బిగించి పంపారు. రాత్రి లాడ్జి ముందు నిలిపితే తెల్లారేసరికి బ్యాటరీ లేదు. కంపెనీ తాళమైతే కారు లోపలి తీగ లాగాలి. ఈ బటన్‌ను దారిన పోయేవాడెవడైనా నొక్కవచ్చు.

డాలస్_మస్టాంగ్
అసలు ప్రశ్న ఎవరూ అడగలేదు. కంపెనీ తాళం తీసేస్తున్నారా? అమెరికాలో దీనికి 113వ నంబరు ఫెడరల్ భద్రతా ప్రమాణం ఉంది. ముందునుంచి తెరుచుకుని డ్రైవరు చూపుకు అడ్డువచ్చే బానెట్‌కు రెండో పట్టు తప్పనిసరి. మొదటిది వదిలినా రెండోది ఆపాలి. హైవే మీద నా ముందున్న కారు బానెట్ లేచి అద్దాన్ని కప్పేయడం కళ్లారా చూశాను. దయచేసి రెండో కొక్కెం తీయకండి.

విశాఖ_గ్యారేజ్
ర్యాలీ సర్వీసు బృందంలో పనిచేసినవాణ్ణి, నాకు తెలిసింది చెబుతాను. ప్రపంచ మోటారు పోటీల సంస్థ ఎఫ్ఐఏ నియమావళిలో అపెండిక్స్ జె, 253వ ఆర్టికల్ చదవండి. బానెట్‌కు కనీసం రెండు అదనపు బిగింపులు ఉండాలి, అసలు తాళాన్ని తీసేయాలి లేదా పనిచేయకుండా చేయాలి, బిగింపులు ఎక్కడున్నాయో ఎర్ర బాణం గుర్తులతో చూపాలి. ఎందుకు? ఇంజిన్‌కు నిప్పంటుకుంటే బయటివాడు క్షణంలో తెరవగలగాలి. లోపలి తీగ కోసం వెతుకుతూ కూర్చుంటే కారు మిగలదు.

డాలస్_మస్టాంగ్
అది పోటీ కారుకు రాసిన నియమం అన్నా. అక్కడ ప్రతి దశకూ ముందు మనుషులు చూసి పంపుతారు. ఈయన రోజూ ఆఫీసుకు వెళ్లే బండికి దాన్ని ఎలా అంటగడతారు? వేగం రెట్టింపైతే బానెట్‌ను పైకి లేపే గాలి బలం నాలుగు రెట్లవుతుంది. పైగా ఫైబర్ వంగుతుంది.

విశాఖ_గ్యారేజ్
లెక్కలు నాకూ వచ్చు. పిన్ను తల కిందున్న గాడిలో ఉక్కు గుండ్లు కూర్చుంటాయి, బటన్ నొక్కితే తప్ప అవి వదలవు. బిగించడం చేతకానివాళ్ల పని చూసి లాచ్‌ను తప్పుపట్టవద్దు.

హనుమకొండ_ఈ30
నా పాత బీఎండబ్ల్యూ ఈ30 బానెట్‌కు కీళ్లు ముందువైపు ఉంటాయి. గాలి దాన్ని కిందికే నొక్కుతుంది. ఈ గొడవే లేదు.

గుంటూరు_జీప్
పాత మహీంద్రా జీపులకు బానెట్ రెండు పక్కలా కొక్కేలే కదా. వాటికి రెండో తాళం ఎక్కడుంది? ఇన్నేళ్లు నడవలేదా?

డాలస్_మస్టాంగ్
నడిచాయి కాబట్టి మంచిదే అంటారా? ప్రాణాల మీద ఇలాంటి వాదన తగదు.

నిర్వాహకుడు
వ్యక్తిగత మాటలు ఆపండి. అడిగినదానికి జవాబివ్వండి.

కర్నూలు_వకీలు
ఆర్టీఏ సంగతి చెబుతాను. మోటారు వాహనాల చట్టం 1988లో 52వ సెక్షన్ చూడండి. ఆర్‌సీలోని వివరాలు తయారీదారు నిర్దేశించినవాటికి భిన్నమయ్యేలా వాహనాన్ని మార్చకూడదు. 2019 జనవరిలో సుప్రీంకోర్టు కూడా ఇదే గట్టిగా చెప్పింది. ఆర్‌సీలో రంగు ఉంటుంది కాబట్టి ఫైబర్ బానెట్‌కు బండి రంగే వేయించండి. నల్లగా వదిలేసి తిరిగితే పోలీసులు ఆపడం నేను చూశాను.

కాకినాడ_తీరం
సముద్రపు గాలిలో ఈ గుండ్లు పట్టేస్తాయి, ఎవరూ చెప్పరేం? గ్రీజు పెడితే దుమ్మంతా అంటుకుని ఇంకా బిగుసుకుంటుంది. సిలికాన్ స్ప్రే చాలు. పిన్ను స్టెయిన్‌లెస్ స్టీలుదే తీసుకోండి. పిన్ను ఎత్తు మరలతో సరిచేసి, కింద బానెట్ ఆనే రబ్బరు బుడిపెలను కాస్త పైకి తిప్పండి. అరచేతితో కొద్దిగా నొక్కితే టక్కున పడాలి. బలంగా గుద్దాల్సి వస్తే ఎత్తు తప్పినట్టే. మీ టకటక సగం ఆ బుడిపెల వల్లే అయి ఉంటుంది.

జిప్సీ_సికింద్రాబాద్
అందరికీ ధన్యవాదాలు. బుడిపెలు నిజంగానే కిందికి దిగి ఉన్నాయి. లాచ్‌లు తాళంచెవి ఉన్నవాటితో మార్చుకుంటున్నాను. రెండో కొక్కెం మాత్రం ఉంచుతాను. ఫైబర్ లోపల ఇనుప ప్లేటు అతికించి దానికి బోల్టు వేయిస్తాను.

విశాఖ_గ్యారేజ్
ప్లేటును ఉత్త జిగురుతో అతికించవద్దు. ఇంజిన్ వేడికి ఊడుతుంది. దానిమీద రెండు పొరల గ్లాస్ మ్యాట్ (గాజుపీచు పరుపు), అది గట్టిపడేలా రెజిన్ వేయించండి. కొక్కెం అక్కర్లేదన్న మాట మీద నేను ఇప్పటికీ ఉన్నాను.

డాలస్_మస్టాంగ్
నేనూ నా మాట మీదే ఉన్నాను. ప్లేటు విషయంలో మాత్రం ఆయన చెప్పినట్టే చేయించండి.