కులీ కుతుబ్ షా పేరులో 'కులీ'

'కులీ'కీ మన 'కూలి'కీ చుట్టరికం ఉందా అని నిన్న ఇక్కడ అడిగారు. లేదండి. కూలి మన మాటే, చేసిన పనికి ఇచ్చే డబ్బు. కులీ తుర్కీ భాష నుంచి పారసీక పేర్లలోకి వచ్చింది. తుర్కీలో 'కుల్' అంటే బానిస, దాసుడు. చివరి 'ఈ' ఎవరి దాసుడో ముందు మాటతో ముడిపెట్టే ప్రత్యయం. అలీ కులీ అంటే అలీ దాసుడు. అదే భావాన్ని పారసీకం తన పద్ధతిలో చెబితే గులాం అలీ అవుతుంది, దాసుడు ముందుకొస్తాడు. తుర్కీ వరస మాత్రం అచ్చం మన వరసే.

సఫవీ రాజవంశపు కాలపు ఇరాన్‌లో ఈ పేర్లు ఎటు చూసినా కనబడతాయి. ఆ రాజ్యాన్ని నిలబెట్టిన కిజిల్‌బాష్ తెగలు తుర్కీ మాట్లాడేవి, అలీ మొదలైన షియా ఇమాముల మీద భక్తి ఎక్కువ. 1622లో పోర్చుగీసుల చేతిలోంచి హోర్ముజ్ దీవి పోయినప్పుడు ఇరాన్ సేనల వెనక ఉన్నది ఫార్స్ పాలకుడు ఇమామ్ కులీ ఖాన్. ప్రభువుకు దాసుడని కూడా ఇలాగే చెప్పుకునేవారు. నాదిర్ షా గద్దె ఎక్కకముందు తహ్మాస్ప్ కులీ ఖాన్, అంటే షా తహ్మాస్ప్ దాసుడు. ఆ తహ్మాస్ప్‌నే 1732లో దించేసి, 1736లో తానే షా అయ్యాడు! ఈ పేర్లన్నిటిలో నన్ను బాగా పట్టుకున్నది ఇదే.

ఊళ్ళకూ కట్టడాలకూ కూడా ఈ మాట అంటుకుంది. ఖొరాసాన్‌లో కూచాన్ దగ్గర ఇమామ్ కులీ అనే ఊరుంది, ఇస్ఫహాన్‌లో అలీ కులీ ఆగా హమామ్ (స్నానశాల) ఉంది. ఇప్పటి ఇరానీల నోట ఇది 'గోలీ'.

ఇక మన సంగతి. 'మహమ్మద్ కులీ' అంతా కలిపి ఒక్క పేరు, మహమ్మద్ దాసుడని. 'కుతుబ్ షా' వంశపు బిరుదు. మనం 'కులీ కుతుబ్ షా' అనేస్తే ఎవరి దాసుడో చెప్పే సగం ఎగిరిపోతుంది. పైగా హమదాన్ నుంచి వచ్చి గోల్కొండ రాజ్యం స్థాపించి, 1543లో హత్యకు గురైనవాడు సుల్తాన్ కులీ. 1591లో హైదరాబాదు కట్టించి, దక్కనీలో కవిత్వం రాసినవాడు అతని మనవడు మహమ్మద్ కులీ. ఇద్దరినీ ఒకే తునకతో పిలిస్తే తాతెవరో మనవడెవరో పిల్లలకెలా తెలుస్తుంది? బడి పుస్తకాల్లోనైనా పూర్తి పేరు వేయాలని నా గట్టి అభిప్రాయం.

ఈ ఇద్దరి మధ్యలో ఏలిన, మహమ్మద్ కులీ తండ్రి ఇబ్రహీంను మన కవులు మల్కిభరాముడని తెలుగు చేసుకున్నారు. 'కులీ'ని పద్యంలోనో శాసనంలోనో ఎలా పలికించారో చూసినవాళ్ళుంటే ఇక్కడ పెట్టండి.