పాత గార్డెన్ ట్రాక్టర్ మోవర్ డెక్: బాగుచేయాలా, మార్చాలా?

పెన్సిల్వేనియా_తోట:
అందరికీ నమస్కారం. ఇల్లు కొన్నప్పుడు దాంతో పాటే పాత జాన్ డీర్ 318 ట్రాక్టర్ కూడా వచ్చింది. ఓనాన్ ఇంజిన్ ఇప్పటికీ ఒక్క కీతో స్టార్ట్ అవుతుంది. బాధల్లా కిందున్న, గడ్డి కోసే బ్లేడ్లను కప్పి ఉంచే 50 అంగుళాల డెక్‌తోనే. తిరగేసి చూస్తే ఏళ్లనాటి గడ్డి పెచ్చులు కట్టి ఉంది. గీకుతుంటే దాంతో పాటు తుప్పు పొరలు కూడా ఊడొస్తున్నాయి. గడ్డి బయటికి పడే వైపు అంచున వేలు దూరేంత చిల్లు. మధ్య బ్లేడు చేత్తో తిప్పితే గరగరమంటోంది. ఈ మోడల్ తయారీ 1992లోనే ఆగిపోయింది. దీన్ని బాగుచేయొచ్చా, లేక సెకండ్ హ్యాండ్ డెక్ వెతుక్కోవాలా? చేసినవాళ్లుంటే చెప్పండి.

ఒహాయో_వెల్డర్:
చిల్లు చూసి టెన్షన్ పడకండి. అంచుల్లో ఎంత తినేసినా అతుకు వేసుకోవచ్చు. అసలు చూడాల్సింది స్పిండిళ్లు, అంటే బ్లేడ్లు తిరిగే ఇరుసులు, కూర్చునే చోటు. మూడింటినీ విప్పేసి, బోల్టు రంధ్రాల చుట్టూ చిన్న సుత్తితో తట్టండి. మంచి రేకు ఖంగుమంటుంది, లోపల తినేసింది బొదబొదమంటుంది. అనుమానం ఉన్నచోట స్క్రూడ్రైవర్‌తో గట్టిగా పొడవండి. ఆ మూడు చోట్లూ గట్టిగా, చదునుగా ఉంటే డెక్ బతికినట్టే. అక్కడ రేకు వంగిపోయిందా, బ్లేడ్లు ఒకే మట్టంలో తిరగవు, గడ్డి మెట్లు మెట్లుగా తెగుతుంది. అలాంటిదైతే వేరే డెక్ చూసుకోవడమే మంచిది.

అతుకు వేసేటప్పుడు తుప్పు మీద వెల్డింగు నిలవదు. మంచి ఇనుము తగిలేదాకా కోసేయండి. పాత రేకు ఎంత మందమో అంతే మందం ముక్క పెట్టి, అంగుళం ఇక్కడ, అంగుళం అక్కడ చుక్కలు చుక్కలుగా వేయండి. ఒకే గీతగా లాగితే వేడికి రేకు మెలితిరుగుతుంది. డెక్‌ను ట్రాక్టర్ నుంచి దించాకే వెల్డింగు పెట్టుకోండి.

తెనాలి_వర్క్‌షాప్:
మా దగ్గరికి ఈ మోవర్లు రావు, రోటవేటర్లు వస్తాయి. కానీ బేరింగు పని ఎక్కడైనా ఒకటే కాబట్టి చెబుతున్నాను. పాత బేరింగు తుడిచి చూస్తే దాని మీదే నంబరు ఉంటుంది, 6203 అనో 6205 అనో. 6205 అంటే ఏ కంపెనీదైనా లోపలి రంధ్రం 25 మిల్లీమీటర్లు, బయటి కొలత 52, మందం 15. వెనక 2ఆర్ఎస్ అని ఉంటే రెండు వైపులా రబ్బరు సీలు ఉన్నట్టు. ఆ నంబరు చెబితే ఏ బేరింగు షాపులోనైనా ఇస్తారు. మట్టిలో తిరిగేది కాబట్టి చవకరకం మాత్రం తీసుకోకండి.

బేరింగు కూర్చునే గూడు, అదే హౌసింగులోకి దించేటప్పుడు బయటి రింగు మీదే నొక్కాలి. షాఫ్టు మీదికి ఎక్కించేటప్పుడు లోపలి రింగు మీద. తారుమారైతే ఆ దెబ్బంతా గోళీల మీద పడి ట్రాక్ గుంటలు పడుతుంది. కొత్త బేరింగే మళ్లీ గరగరమంటుంది. రెండు బేరింగుల మధ్య గొట్టంలాంటి స్పేసరు ఉంటే పారేయకండి. అది లేకుండా నట్టు బిగిస్తే బేరింగులు నలిగిపోతాయి.

టెక్సస్_రెండెకరాలు:
తెనాలి అన్నా, ఒక డౌటు. హౌసింగుకి గ్రీజు ఎక్కించే నిపిల్ ఉంది, బేరింగుకేమో రెండు వైపులా సీలు. మరి గ్రీజు లోపలికి ఎలా పోతుంది?

తెనాలి_వర్క్‌షాప్:
పోదు తమ్ముడూ. నిపిల్ ఉన్న హౌసింగైతే లోపలి వైపు సీలు మాత్రం సన్నటి పిన్నుతో లేపి తీసేసి బిగిస్తాం. బయటి సీలు ఉండాల్సిందే, మట్టిని ఆపేది అదే. తర్వాత గ్రీజు గన్ రెండు మూడుసార్లు నొక్కితే చాలు. అదేపనిగా కొడితే బయటి సీలే ఊడిపోతుంది.

న్యూజెర్సీ_పచ్చిక:
రంగు గురించి ఎవరూ చెప్పలేదు. గ్రైండర్‌కి వైర్ కప్పు పెట్టి తుప్పు తీసేటప్పుడు కళ్లద్దాలు, మాస్కు తప్పనిసరి. తీగముక్కలు సూదుల్లా ఎగిరొస్తాయి, పాత పెయింటులో సీసం ఉండే అవకాశమూ ఉంది. గుంతల్లో మిగిలే తుప్పుకి ఫాస్ఫారిక్ యాసిడ్ ఉన్న రస్ట్ కన్వర్టర్ పూసి, ఆరాక ప్రైమర్, దానిపైన రంగు.

అడుగు భాగానికి కొందరు పికప్ ట్రక్కుల వెనక వేసే బెడ్ లైనర్ పూత కొడుతున్నారు. నాకైతే అది అస్సలు ఇష్టం లేదు. గరుకుగా ఉండి గడ్డిని పట్టేసుకుంటుంది, పైగా ఒకచోట లేచిందంటే కింద తుప్పు నడుస్తున్నా బయటికి కనబడదు. నున్నటి పెయింటే వేసి, అరిగిన చోట ఏటా చలికాలంలో మళ్లీ పూసుకోవడం నయం.

ఒహాయో_వెల్డర్:
ఆ మాటకు నేనూ ఓటేస్తాను. గొట్టం తగిలించే వాష్ పోర్టు ఉంటే కడిగి అలాగే షెడ్డులో పెట్టేయకండి. బెల్టు కవర్ల కింద తడి గడ్డి ఇరుక్కుని పైనుంచీ తింటుంది. కడిగాక బ్లేడ్లు కాసేపు తిప్పితే ఆరిపోతుంది.

పెన్సిల్వేనియా_తోట:
అందరికీ చాలా థాంక్స్. స్పిండిళ్లు విప్పాను. మూడు చోట్లా రేకు ఖంగుమంది! మధ్య బేరింగులో నీళ్లు దిగి గోళీలు ఎర్రబారాయి, మూడింటికీ కొత్తవే వేస్తున్నాను. ఇక తిరిగి బిగించాక లెవెల్ ఎలా చూసుకోవాలి?

టెక్సస్_రెండెకరాలు:
ముందు నాలుగు టైర్లలో గాలి సరిచేయండి. అది తేడా ఉంటే కొలతంతా తప్పుతుంది. చదునైన కాంక్రీటు మీద నిలిపి, స్పార్క్ ప్లగ్ వైర్లు పీకేసి, అప్పుడే బ్లేడు మీద చెయ్యి వేయండి. బ్లేడ్లు అడ్డంగా తిప్పి ఎడమ, కుడి కొనలు నేలకి ఎంత ఎత్తులో ఉన్నాయో చూడండి, రెండూ సమానంగా ఉండాలి. తర్వాత నిలువుగా తిప్పి ముందు కొన వెనకదానికంటే ఎనిమిదో వంతు అంగుళం కిందికి ఉండేలా పెట్టండి. అప్పుడు వెనక అంచు తెగిన గడ్డినే మళ్లీ రాసుకోదు. మీ డెక్ మాన్యువల్‌లో వేరే కొలత ఇస్తే అదే పట్టుకోండి.

బ్లేడ్లు పదును పెట్టాక మధ్య రంధ్రాన్ని గోడకు కొట్టిన మేకుకి తగిలించి చూడండి. ఒకవైపు వాలితే ఆ వైపే కొంచెం అరగదీయాలి. బరువు తేడాతో తిరిగితే ఇప్పుడు వేస్తున్న కొత్త బేరింగులు ఎక్కువ కాలం ఆగవు.

న్యూజెర్సీ_పచ్చిక:
బెల్టు కూడా మారుస్తుంటే కార్లకి వేసే మామూలు వీ బెల్టు వద్దు. పొడవు సరిపోయినా, జారుతూ పట్టుకునే పనికి అది తట్టుకోదు. కెవ్లార్ దారం ఉన్న మోవర్ బెల్టే తీసుకోండి. అది ఎక్కించే ముందు బెల్టుని బిగువుగా పట్టి ఉంచే ఐడ్లర్ పుల్లీని కూడా చేత్తో ఊపి చూడండి. లూజుగా ఉంటే కొత్త బెల్టుని ఒక్క సీజన్‌లోనే అంచులు చీల్చేస్తుంది.