బాల్ చేతికొస్తే వదలడు, మా అబ్బాయికి టీమ్ ఆట ఎలా అలవాటు చేయాలి?

మా అబ్బాయికి 15 ఏళ్లు. బాస్కెట్‌బాల్ అంటే ప్రాణం. ఒకడికి ఒకడుగా ఆడితే వాణ్ణి ఆపడం కష్టం. కానీ ఈ ఏడాది పెద్ద పిల్లల టీమ్‌లోకి వెళ్లాక చిక్కొచ్చి పడింది.

మొన్న మ్యాచ్‌లో మొదటి డిఫెండర్‌ని సులువుగా దాటేశాడు. రింగ్ దగ్గర ఇంకో ఇద్దరు అడ్డం వచ్చారు. అంటే మనవాళ్లలో ఎవరో ఒకరు ఖాళీగా ఉన్నట్టే కదా! కార్నర్‌లో ఒకబ్బాయి రెండు చేతులూ చాచి నిలబడ్డాడు పాపం. మావాడు తల ఎత్తి చూడలేదు. ఇద్దరి మధ్య నుంచే షాట్ వేశాడు, బ్లాక్ అయింది.

ఎప్పుడైనా పాస్ ఇచ్చినా అక్కడే నిలబడిపోతాడు. కట్ చేయడు (అంటే ఖాళీ చూసుకుని రింగ్ వైపు పరుగెత్తడు), స్క్రీన్ పెట్టడు (తోటివాడి డిఫెండర్‌కి అడ్డంగా నిలబడడు). కోచ్ అరిచేసరికి టెన్షన్ పడి, తర్వాత క్వార్టర్ అంతా ఖాళీగా దొరికిన షాట్లు కూడా వేయలేదు. నాకు అదే ఎక్కువ బాధేసింది. 24 సెకన్లలో షాట్ వేయాల్సిన ఆటలో ఆ దూకుడు కూడా కావాలి కదా.

మైకేల్ జోర్డాన్ అంతటివాడు కూడా ట్రయాంగిల్ అఫెన్స్‌లో (ముగ్గురు త్రిభుజంలా నిలబడి పాస్‌లు ఇచ్చుకుంటూ ఆడే పద్ధతి) ఒదిగాకే 1991లో మొదటి ఎన్‌బీఏ (అమెరికా ప్రొఫెషనల్ లీగ్) టైటిల్ గెలిచాడని చెప్పాను. శ్రద్ధగా విన్నాడు, కోర్టులో దిగాక మళ్లీ మామూలే.

ఆడినవాళ్లు, కోచింగ్ ఇచ్చేవాళ్లు దయచేసి చెప్పండి. డ్రైవ్ చేస్తూనే, అంటే బాల్‌తో రింగ్ వైపు దూసుకెళ్తూనే, చుట్టూ చూడటం ఎలా అలవాటవుతుంది? డ్రిబుల్ (బాల్‌ని నేలకి కొడుతూ వెళ్లడం) లేకుండా అటు ముగ్గురు, ఇటు ముగ్గురుగా ఆడిస్తే ఉపయోగం ఉంటుందా? వాడి ధైర్యం చెడకుండా ఈ మాట ఎలా చెప్పాలి?