తూటాను వెనక్కి లాగి నింపుకొనే చిన్న పిస్టల్ మన అవసరానికి తగినదేనా?

ప్రశ్న: ప్రొద్దుటూరు నుండి ఒక నగల వ్యాపారి

సభ్యులందరికీ నమస్కారం. రాత్రి దుకాణం కట్టేసిన తర్వాత సరుకుతో ఇంటికి వెళ్లవలసి వస్తున్నందున ఆత్మరక్షణకు ఆయుధ లైసెన్సు కోరాను. ఈ మధ్యే కలెక్టరు గారి కార్యాలయం నుండి మంజూరైంది, ఆయుధం ఇంకా కొనలేదు. అమెరికాలో ఉన్న మా బావమరిది బోబర్గ్ ఎక్స్‌ఆర్9 అనే 9 ఎంఎం పిస్టల్‌ను ఎంతో మెచ్చుకున్నాడు. ఆ నిర్మాణాన్నే తర్వాత బాండ్ ఆర్మ్స్ సంస్థ తీసుకొని బుల్‌పప్9 పేరుతో తయారు చేసింది. మామూలు పిస్టల్‌లో స్లైడ్ (పైన ముందుకూ వెనక్కూ జరిగే లోహపు భాగం) ముందుకు వస్తూ తూటాను మ్యాగజైన్ (పిడిలో తూటాలు పేర్చే పెట్టె) నుండి గొట్టంలోకి నెడుతుంది. ఇందులో మాత్రం స్లైడ్ వెనక్కి పోతూనే తూటాను మ్యాగజైన్ నుండి వెనక్కి లాగి, పైకెత్తి, తిరిగి ముందుకు వచ్చేటప్పుడు గొట్టంలో పెడుతుంది. అందువల్ల గొట్టం మ్యాగజైన్ పైకి జరిగి, పిస్టల్ మొత్తం పొడవు సుమారు 5.1 అంగుళాలే అయినా గొట్టం 3.35 అంగుళాలు ఉంటుంది. ప్రాణం మీదకు వచ్చినప్పుడు ఇటువంటి కొత్త నిర్మాణాన్ని నమ్మవచ్చునా? ఇక్కడ దొరకకపోతే దేనిని ఎంచుకోవాలి?

జవాబు 1: కడప, పోలీసు శాఖలో ఆర్మరర్‌గా (ఆయుధాల మరమ్మతు చూసే ఉద్యోగిగా) పనిచేసి పదవీ విరమణ చేసిన సభ్యుడు

ముందుగా చట్టం సంగతి చెప్పాలి. 9 ఎంఎం మన దేశంలో నిషిద్ధ బోరు (బోరు అంటే గొట్టం లోపలి వ్యాసం). కలెక్టరు ఇచ్చే లైసెన్సు నిషిద్ధం కాని బోర్లకే వర్తిస్తుంది. పైగా సాధారణ లైసెన్సుదారుకు విదేశీ తుపాకీ దిగుమతి చేసుకొనే వీలు లేదు. కాబట్టి ఆ పిస్టల్ మీ చేతికి రాదు.

అయినా మీరు అడిగిన అసలు ప్రశ్న విలువైనది. తూటాలో ముందు గుండు, దాని వెనుక మందు నింపిన లోహపు తొడుగు ఉంటాయి; గుండును పట్టి ఉంచేది ఆ తొడుగు మూతి అంచు నొక్కు మాత్రమే. ఈ పిస్టల్ తొడుగును వెనుక అంచు పట్టుకొని ఒక్కసారిగా వెనక్కి గుంజుతుంది. గుండు బరువు వల్ల అది ఉన్నచోటనే ఉండిపోవాలని చూస్తుంది. నొక్కు వదులుగా ఉంటే గుండు మ్యాగజైన్‌లోనే మిగిలి, తొడుగు మాత్రం వెనక్కి వచ్చి, మందు లోపలి భాగాలలో ఒలికిపోయి, తుపాకీ ఆగిపోతుంది. అందుకే ఏ తూటాలు దీనికి పనికివస్తాయో తయారీదారే చెప్పవలసి వచ్చింది. అక్కడి కొనుగోలుదారుకు పదుల రకాల తూటాలలో సరిపోయేది ఎంచుకొనే వీలుంది. మన ఊళ్లలోని ఆయుధ దుకాణంలో ఏది ఉంటే అదే తెచ్చుకోవాలి, అది కూడా లైసెన్సులో రాసిన పరిమితి మేరకే. తూటాను ఎంచి వాడవలసిన తుపాకీని అటువంటి చోట నమ్ముకోవడం నా దృష్టిలో ప్రమాదం.

మరొక విషయం. ఆ ఏర్పాటు 9 ఎంఎం కోసం పుట్టింది. అంత బలమైన తూటాకు పొడవైన గొట్టం ఇస్తే వేగం పెరుగుతుంది. మనకు అనుమతించే .32 ఏసీపీ (ఆటోమేటిక్ కోల్ట్ పిస్టల్) 1899లో బ్రౌనింగ్ అనే తుపాకుల రూపకర్త తెచ్చిన తూటా, తక్కువ ఒత్తిడిది, గొట్టాన్ని బంధించే ఏర్పాటు లేకుండా సాదా స్లైడ్ బరువుతోనే పనిచేస్తుంది. దాని చిక్కు వేరు. తొడుగు అడుగున అంచు కొంచెం బయటికి పొడుచుకొని ఉంటుంది గనుక, మ్యాగజైన్‌లో పై తూటా అంచు కింది తూటా అంచు వెనక్కి జారితే రెండూ ఒకదానికొకటి తగులుకొని బిగుసుకుపోతాయి. పొడవు తక్కువైన గుండ్లు వాడినప్పుడు ఇది ఎక్కువ. మ్యాగజైన్ నింపేటప్పుడు ప్రతి తూటా అంచు కింది దానికంటే ముందు ఉండేటట్లు చూసుకోవాలి.

జవాబు 2: అనంతపురం

ఆర్మరర్ గారి మాటను గౌరవిస్తూనే ఆ నిర్మాణం పక్షాన ఒక మాట చెప్పాలి. మన ఎండలకు పలుచటి నూలు చొక్కా తప్ప వేసుకోలేము, దాని కింద పెద్ద తుపాకీ దాగదు. గొట్టాన్ని కుదించకుండా తుపాకీని కుదించాలన్న ఆలోచన నిజంగా గొప్పది. అయితే తుపాకీ ఎంత చిన్నదైతే పట్టు అంత తగ్గుతుంది, గురి చూసే రెండు గుర్తుల మధ్య దూరమూ తగ్గుతుంది. కాబట్టి సాధనకు వీలు లేనివారు చిన్నదానికోసం పట్టుబట్టకూడదు.

జవాబు 3: కర్నూలు, న్యాయవాది

భారతీయ న్యాయ సంహితలో 34 నుండి 44 వరకు ఉన్న సెక్షన్లను కొనేముందే చదవండి. రక్షణకు అవసరమైనంతకు మించి హాని చేసే హక్కు లేదని, అధికారుల సహాయం పొందే వ్యవధి ఉన్నప్పుడు ఆ హక్కే ఉండదని 37వ సెక్షన్ చెబుతుంది. దొంగ సంచి వదిలి పారిపోతున్నప్పుడు వెనుక నుండి కాల్చిన వ్యాపారిని ఏ తుపాకీ నిర్మాణమూ కాపాడదు. బహిరంగ ప్రదేశాలలో ఆయుధం హోల్‌స్టర్‌లో, పైకి కనబడకుండా ఉండాలి. ఎన్నికల సమయంలో స్టేషనులో అప్పగించమని ఆదేశం వస్తే అప్పగించాలి.

ప్రశ్న అడిగినవారు

అందరికీ కృతజ్ఞతలు. 2023లో మన దేశంలో వచ్చిన ప్రబల్ అనే రివాల్వర్‌లో సిలిండర్ (తూటాలు ఉండే, తిరిగే డబ్బా) పక్కకు తెరుచుకుంటుందని విన్నాను. నా లైసెన్సులో పిస్టల్ అని ఉంది. రెండూ .32 కదా, మార్చుకోవచ్చునా?

జవాబు: కడప ఆర్మరర్

రెండూ .32 అయినా తూటాలు వేరు. రివాల్వర్‌ది పొడవైన .32 ఎస్ అండ్ డబ్ల్యూ లాంగ్, పిస్టల్‌ది పొట్టి .32 ఏసీపీ, ఒకదానిది మరొకదానికి వాడకూడదు. లైసెన్సులో ఆయుధం రకం మార్పించుకోవడానికి ముందుగా కలెక్టరు కార్యాలయంలో అర్జీ పెట్టండి, ఆ తర్వాతే డబ్బు కట్టండి. నన్నడిగితే రివాల్వరే మేలంటాను. తూటా పేలకపోతే మళ్లీ ట్రిగ్గర్ నొక్కితే సిలిండర్ తిరిగి తర్వాతి తూటా ఎదుటికి వస్తుంది. పిస్టల్‌లో అదే జరిగితే రెండు చేతులతో స్లైడ్ లాగాలి, మీ ఒక చేతిలో ఎలాగూ నగల సంచి ఉంటుంది.