డైనమో ఉన్న పాత కారుకు ఎలాంటి బ్యాటరీ తీసుకోవాలి?

నా దగ్గర 1960 నాటి మోరిస్ మైనర్ ఉంది. బ్యాటరీని ఛార్జ్ చేయడానికి కొత్త రకం ఆల్టర్నేటర్ పెట్టించలేదు, ఇప్పటికీ పాతకాలపు డైనమోతోనే నడుస్తోంది. అది పాజిటివ్ ఎర్త్ బండి, అంటే బ్యాటరీ పాజిటివ్ తీగే బాడీకి కలుస్తుంది. బ్యాటరీ పని ఇక అయిపోయింది. రాత్రంతా ఛార్జింగ్ పెట్టి 12.6 వోల్టులు చూపించినా, స్టార్ట్ చేయగానే 9 కిందికి పడిపోతోంది. తీగలు, బ్యాటరీని బాడీకి కలిపే ఎర్త్ పట్టీ శుభ్రం చేసి చూశాను, తేడా లేదు.

నీళ్లు పోసే మామూలు లెడ్ యాసిడ్ రకమా, ఏజీఎం రకమా (యాసిడ్‌ను గాజు పీచు పొరల్లో పీల్చి ఉంచే, మూసేసిన బ్యాటరీ) అన్నది తేల్చుకోలేకపోతున్నాను. యాసిడ్ ఆవిరికి బ్యాటరీ కూర్చునే ట్రే మూలల్లో రంగు పొరలు పొరలుగా లేచి కింద ఇనుము కనిపిస్తోంది, కాబట్టి మనసు ఏజీఎం వైపే లాగుతోంది. కానీ దానికి 14.4 వోల్టులకు పైగా ఛార్జింగ్ కావాలంటారు. డైనమో సంగతి తెలిసిందే: ఇంజన్ నెమ్మదిగా తిరుగుతున్నప్పుడు దాదాపు ఏమీ ఇవ్వదు, ఛార్జింగ్‌ను అదుపు చేసే పాత రెగ్యులేటర్ ఎప్పుడు ఎంత పంపుతుందో దాని ఇష్టం. అలాంటప్పుడు ఏజీఎం ఎప్పటికీ సగం ఆకలితోనే ఉండిపోదా?

ఇంకొకటి, పాజిటివ్ టెర్మినల్ నెగటివ్ కన్నా లావు, కాబట్టి తీగల క్లిప్పులు ఒకదాని బదులు ఒకటి సరిగ్గా పట్టవు. టెర్మినళ్లు అటూ ఇటూ మారిన మోడల్ కొంటే పొట్టి ఎర్త్ పట్టీ అందదు. కారు నెలల తరబడి షెడ్డులోనే ఉంటుంది, బయటికి తీసేది అరుదుగా.

డైనమోతో ఏజీఎం వాడుతున్నవారు ఎవరైనా ఉన్నారా? ఎన్నేళ్లు వచ్చింది? రెగ్యులేటర్ సర్దించారా? ఆల్టర్నేటర్ పెట్టించమని మాత్రం దయచేసి చెప్పకండి.