షోకి పెట్టే అంబాసిడర్‌కి కొత్త రంగు వేయించాలా, పాతదే ఉంచాలా?

గుంటూరు మార్క్ 2:
నాన్నగారి 1968 అంబాసిడర్. ఇంజను అప్పటి 1489 సీసీదే, గేరు స్టీరింగ్ పక్కనే. ఇంజను విప్పి బాగుచేయించాం, బ్రేకులూ వైరింగూ అయ్యాయి. మిగిలింది బాడీ. టాపు మీద తెల్లరంగు సుద్దలా చేతికి అంటుతోంది, ఎడమ తలుపు అడుగున రూపాయి బిళ్లంత తుప్పు. సంక్రాంతి దాటాక పాతకార్ల షోలో పెట్టాలని ఉంది. టింకరింగ్ మేస్త్రి మొత్తం గీకి అద్దంలా చేసిస్తానంటున్నాడు. తమ్ముడు సరేనన్నాడు. నాకు మనసొప్పట్లేదు. ఏమంటారు?

పద్మిని అభిమాని:
చేయించెయ్యండి. నా ఫియట్‌ని మొదటిసారి పాత రంగుతోనే పెట్టాను, ఒక్కరూ ఆగలేదు. మరుసటేడు రంగు వేయించి పెడితే పిల్లలు వరసకట్టి ఫొటోలు దిగారు. నాన్నగారు కొన్నరోజు ఆ కారు మెరుస్తూనే ఉంది కదండీ! ఆ రోజుని చూపించండి.

శాన్ హోసే తెలుగువాడు:
ఇక్కడ కాలిఫోర్నియాలో పెబుల్ బీచ్ పాతకార్ల షో 1950 నుంచి జరుగుతోంది. 2024లో మొదటిసారి, రీస్టోర్ చెయ్యని కారుకి అగ్ర బహుమతి ఇచ్చారు. 1934 బుగాటీ టైప్ 59. ఒకప్పుడు బెల్జియం రాజుగారిది, ఆయన వేయించిన నల్లరంగు వెలిసిపోయినా అలాగే ఉంచారు.

పద్మిని అభిమాని:
అది బుగాటీ అన్నా. మన ఊళ్లో వెలిసిన అంబాసిడర్‌ని చూస్తే పాత టాక్సీ అనుకుంటారు.

విజయవాడ షెడ్డు:
ముప్పై ఏళ్లుగా ఇదే పని నాది. తుప్పుని మాత్రం ఉంచకండి, అది రేకుని తినేస్తుంది. అంతమేర కోసి, ముక్క అతికి, తుప్పు ఆపే రెడ్ ఆక్సైడ్ ప్రైమర్ కొట్టి, తలుపు అడుగు భాగానికి మాత్రమే రంగు కలిపి వేయండి. కలపడానికి టాపు రంగు చూడొద్దు, అది ఎండకి మారిపోయింది. డిక్కీ లోపల, తలుపు రబ్బరు కింద ఉన్నదే అసలు రంగు. సుద్దలా వస్తున్నది పైపొర మాత్రమే. ముందు డిక్కీ మూత మూలన కాస్త రబ్బింగ్ కాంపౌండ్‌తో (రంగు మెరుగుపెట్టే పేస్టు) రుద్ది చూడండి, కింద రంగు తేలితే మిగతాది చేతితోనే చేయండి, మెషీన్ పెట్టొద్దు. అంచుల దగ్గర రంగు పలచన, జాగ్రత్త. అద్దంలా చేస్తానన్నాయన పుట్టీ ఎంత మందాన వేస్తాడో అడగండి. అయస్కాంతం పెట్టి చూస్తే అంటుకోని చోటల్లా పుట్టీయే.

హైదరాబాద్ ప్లీడరు:
2021 నిబంధనల ప్రకారం 50 ఏళ్లు దాటి, ఛాసిస్, బాడీ షెల్, ఇంజను మార్చని బండికి వింటేజ్ బండిగా వీఏ అక్షరాలున్న నంబరు ఇస్తారు. కొత్త రిజిస్ట్రేషన్‌కి 20,000 రూపాయలు. అయితే ఆ తర్వాత షోలు, ర్యాలీలు, రిపేరు, పెట్రోలు లాంటి పనులకే రోడ్డెక్కాలి. అమ్మగారిని గుడికి తీసుకెళ్లే కారైతే తొందరపడకండి, పాత నంబరు ఉంచుకోవచ్చు.

గుంటూరు మార్క్ 2:
డిక్కీ మూత మూలన రుద్దాను. పాలమీగడలాంటి తెలుపు బయటపడింది. తమ్ముడు చూసి తనే గుడ్డ అందుకున్నాడు. తలుపు అడుగు ఒక్కటే షెడ్డుకి ఇస్తున్నాం. ఇంకో మాట. కుడి కిటికీ అంచున రంగు అరిగి రేకు కనిపిస్తోంది. నాన్నగారు మోచెయ్యి అక్కడే ఆనించి నడిపేవారు. దాన్ని ముట్టుకోను. తుప్పు పట్టకుండా ఏం రాయాలి?

విజయవాడ షెడ్డు:
వార్నిష్ వద్దు బాబూ. మైనం పాలిష్ పలచగా, వానాకాలంలో నెలకోసారి.